గోడ మీది కాగితం చింపిన ఏడాది: మన ఆటల సంఘం వార్షిక నివేదిక

సభ్యులకు, చందా కట్టి కూడా హాలు వైపు రాని సభ్యులకు, పిల్లల్ని లోపలికి పంపి కాలవగట్టు మీద కబుర్లు చెప్పుకునే తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ ఏడాది మనం ఆడింది దాదాపు ఒక్క ఆటే: ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2. ఊరు కట్టి, సైన్యం తీసి ఎదుటివాణ్ణి ఓడించే కంప్యూటర్ ఆట, 1999లో వచ్చింది. మన కుర్రాళ్లలో చాలామంది అప్పటికి పుట్టనే లేదు. 2019లో కొత్త హంగులతో డెఫినిటివ్ ఎడిషన్ వచ్చాక మళ్లీ అందరూ దాని మీద పడ్డారు.

ముందు ఓటమి సంగతి చెప్పేస్తాను. సంక్రాంతి సెలవుల్లో పక్క ఊరి కుర్రాళ్లు మన హాలుకొచ్చి, ఐదు ఆటల్లో ఐదూ గెలిచి, మనం పెట్టిన పూతరేకులు తినేసి వెళ్లారు. తప్పు నాదే. బిల్డ్ ఆర్డర్ (ఆట మొదట్లో ఏది ముందు, ఏది తర్వాత చేయాలన్న వరుస) ఒకటి ప్రింటు తీయించి గోడకు అంటించింది నేను. ఎన్నో విలేజర్ (పనివాడు) గొర్రెల దగ్గరికి, ఎన్నోవాడు కలపకి, క్యాజిల్ ఏజ్ (ఆటలో మూడో దశ) రాగానే గుర్రపుశాలలోంచి నైట్లు (గుర్రపు యోధులు). మనవాళ్లు దాన్ని ఎక్కాల్లా అప్పజెప్పేసేవారు. అవతలివాళ్లు మొదటి ఆటలోనే అది పసిగట్టి, రెండో ఆట నుంచి ఈటెలతో గుర్రాలను ఆపే స్పియర్‌మెన్‌ని దింపారు. ఒక నైటుకు 60 ఆహారం, 75 బంగారం ఖర్చు. వాణ్ణి ఆపే స్పియర్‌మన్‌కి 35 ఆహారం, 25 కలప చాలు, బంగారం అక్కర్లేదు. బేరం ఎవరికి లాభమో చూడండి. అయినా మనం నైట్లే తీశాం. మూడో ఆట మధ్యలో ఒకడు నా వైపు తిరిగి, "అన్నా, కాగితంలో ఆ తర్వాత ఏముంది?" అన్నాడు. ఆ తర్వాత ఏమీ లేదు. కాగితం అక్కడితో అయిపోయింది.

ఆ సాయంత్రం గుమ్మంలో నిలబడి చూస్తున్న ఒక లంక రైతు (మన సభ్యుడి నాన్నగారే) ఒక మాటన్నారు. "ఎగువన భద్రాచలంలో గోదావరి 43 అడుగులన్నారంటే మేం గొడ్లను గట్టెక్కించేస్తాం. ధవళేశ్వరంలో 11.75 వచ్చేదాకా కూర్చోం. మీవాడొకడు గుర్రమెక్కి ఊరంతా తిరుగుతున్నాడు కదా, వాడేం చూసొచ్చాడో ఒక్కరైనా అడగరేంట్రా?" ఆ గుర్రంవాడి పేరు స్కౌట్ అని ఆయనకు తెలీదు గానీ వాడి పనేంటో మాకంటే బాగా తెలుసు.

మర్నాడే కాగితం చింపేశాం. అలాగని ప్లాన్ లేకుండా ఆడమని కాదు. మొదటి కొద్ది నిమిషాలు అందరివీ ఒకేలా ఉంటాయి: టౌన్ సెంటర్ (విలేజర్లను తయారుచేసే కట్టడం) ఖాళీగా ఉండకూడదు, 50 ఆహారం చేతిలో ఉంటే ఇంకో విలేజర్ రావాల్సిందే. అది నారుమడి లాంటిది, అక్కడ తెలివితేటలు చూపించనక్కర్లేదు. ఆ తర్వాతది మాత్రం చూసి తేల్చుకోవాలి. ఎదుటివాడు కడుతున్నది గుర్రపుశాలా, ఆర్చరీ రేంజా? విలుకాళ్లయితే మనకు స్కర్మిషర్లు (బల్లెం విసిరేవాళ్లు), గుర్రాలైతే స్పియర్‌మెన్. బంగారం దగ్గర మనుషుల్ని గుంపుగా పెట్టాడంటే ఇంకేదో వస్తోందన్నమాట.

అలవాటు పడడానికి శనివారాలు చీట్లు తీయడం మొదలుపెట్టాం. ఏ జాతి, ఏ మ్యాప్ అన్నది చీటీయే చెబుతుంది. మొదటి వారమే ఒకడికి ద్రవిడియన్స్ వచ్చింది. 2022లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అన్న అదనపు భాగంతో వచ్చిన జాతి అది. వాడు గుర్రపుశాల కట్టి నైటు బటన్ కోసం తెగ వెతికాడు. ద్రవిడియన్స్‌కి నైట్లే లేరు! హాలంతా నవ్వింది. కానీ ఏజ్ మారినప్పుడల్లా వాళ్లకు 200 కలప ఊరికే వస్తుంది. వాడది గమనించి ఆర్చరీ రేంజులు కట్టి ఆట నిలబెట్టుకున్నాడు. ఈ ఏడాది నాకు బాగా గుర్తుండిపోయిన ఆట అదే.

ఇందులో ఇంకో చిక్కూ వచ్చింది. ఒకమ్మాయి (చాలా చురుకైనది, పేరు రాస్తే కొడుతుంది) కనిపించినదానికల్లా ప్లాన్ మార్చేసేది. గుర్రం కనిపిస్తే ఈటె, బాణం కనిపిస్తే ఇంకోటి. చివరికి అన్ని రకాల కట్టడాలూ ఉండేవి, దేంట్లోనూ సైన్యం ఉండేది కాదు. ఎదుటివాడు చూడ్డానికి పంపిన ఒక్క గుర్రానికీ, నిజంగా తీసుకొస్తున్న పది గుర్రాలకీ తేడా పట్టుకోవడానికి ఆమెకు మూడు నెలలు పట్టింది. ఇప్పుడు మిగతావాళ్లకి అది నేర్పుతున్నది ఆమే.

ఉగాదికి మనమే వాళ్ల ఊరు వెళ్లాం. రెండు గెలిచాం, మూడు ఓడాం. గెలిచిన రెండిట్లో ఒకటి మ్యాప్‌లో బంగారమంతా అయిపోయేదాకా సాగింది. బంగారం లేకుండా తీయగలిగే సైన్యానికి ముందే మారింది మనవాళ్లే. తిరుగు ప్రయాణంలో ఆటోలో ఒకటే గోల.

జమాఖర్చులు నోటీసు బోర్డులో పెట్టాం. చందాల్లో పెద్ద భాగం కరెంటు బిల్లుకే పోయింది. వర్షాకాలంలో కరెంటు పోయి ఆటలు మధ్యలో ఆగినందుకు నన్ను తిట్టినవాళ్లు యూపీఎస్ బ్యాటరీకి తలా కొంచెం వేస్తే బాగుంటుంది. రాత్రి తొమ్మిది దాటాక అరుపుల మీద ఎదురింటి మామ్మగారు రెండుసార్లు ఫిర్యాదు చేశారు. ఆవిడ మాటలో న్యాయముంది, ఇకపై ఎనిమిదిన్నరకే తలుపులు మూస్తాం.

మూడో కంప్యూటర్ మౌస్ దసరా నుంచి కనిపించడం లేదు. తీసుకెళ్లినవారు ఎవరూ లేనప్పుడైనా సరే తెచ్చి బల్ల మీద పెట్టేయండి, ఎవరినీ ఏమీ అడగను.

ఇట్లు
మీ కార్యదర్శి