గడ్డి పడవకీ లాంచీకీ ఒకటే ఫారమా, మంత్రిగారూ?

ఆంధ్రప్రదేశ్‌లో పడవల రిజిస్ట్రేషన్ వ్యవహారాలు చూసే మంత్రిగారికి నమస్కారం.

మాది కోనసీమలో ఓ లంక. ఇల్లు ఇవతల, పొలం ఏటికి అవతల. రోజూ పొద్దున్నే మా నాన్న పడవేసుకుని వెళ్లి గేదెలకి పచ్చగడ్డి కోసుకొస్తారు. పడవ ఇరవై అడుగులు కూడా ఉండదు. ఓ గెడ, ఓ తెడ్డు, అడుగున ఊరిన నీళ్లు తోడిపొయ్యడానికి పాత పెయింటు డబ్బా. సరంజామా అంతే. దీనికి రిజిస్ట్రేషన్ ఎవరూ అడగలేదు.

రెండేళ్ల కిందట ఆయనకి భుజం నొప్పి పట్టుకుంది. గెడ వెయ్యలేకపోతున్నారని, పొలంలో నీళ్లు తోడే చిన్న డీజిల్ ఇంజను తెచ్చి పడవకి బిగించాను. ఒక్క పూటలో మా పడవ జాతి మారిపోయింది. 2021 నాటి ఇన్లాండ్ వెసెల్స్ చట్టం లెక్కలో ఇంజనుంటే సర్వే సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్, బీమా అన్నీ కావాలి, టూరిస్టు లాంచీకి లాగే. సరే, చట్టం చట్టమే అని ఆఫీసుకి వెళ్లాను. పడవ ఏ యార్డులో కట్టారో రాసి, డ్రాయింగు జత చెయ్యమన్నారు. మా పడవ కట్టింది మా ఊరి వడ్రంగి, చింతచెట్టు కింద. డ్రాయింగు అరుగు మీద సుద్దముక్కతో గీశాడు, ఆ సాయంత్రం వానకి పోయింది. ఆ మాటే చెబితే గుమాస్తా నవ్వి, "మరి ఈ కాలమ్‌లో ఏం రాస్తావయ్యా?" అన్నాడు. నాకూ తోచలేదు. ఇంజను విప్పి మళ్లీ పొలంలో పెట్టాను. నాన్న మళ్లీ గెడ పట్టుకున్నారు.

రూల్సే వద్దనడం లేదండీ. 2018 జులైలో పశువుల్లంక దగ్గర బడిపిల్లలున్న నాటుపడవ, కడుతున్న వంతెన స్తంభాన్ని గుద్దుకుంది. మరుసటేడు సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర టూరిస్టు లాంచీ మునిగింది. మా వైపు ఈ రెండూ మర్చిపోయినవాళ్లు లేరు. అందుకే డబ్బు పుచ్చుకుని మనుషుల్ని దాటించే పడవకి ఇంజనున్నా లేకపోయినా మినహాయింపు ఇవ్వకండి. ఈ మాట మా రేవులో కొందరికి కోపం తెప్పిస్తుంది, తెలుసు. గెడతో నడిపే పడవైనా ముప్పైమందిని ఎక్కిస్తే ఏరు జాలిపడదు. సొంత గడ్డి, సొంత అరటిగెలలు తెచ్చుకునే పడవ సంగతి వేరు. ఇంజనుందా అని చూసేముందు అందులో ఎవరెక్కుతున్నారో చూడమంటున్నాను.

అలాగని మమ్మల్ని లెక్కలోంచి తీసెయ్యకండి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఆ వారమంతా పాలపాకెట్లు, మందులు మా ఊళ్లోకి వచ్చింది నాన్న పడవలోనే. అప్పుడెవరూ కాగితం అడగలేదు. వరద తీశాక మా పక్కింటాయన తన పడవ కొట్టుకుపోయిందని సాయం అడిగితే మాత్రం, "నీకు పడవ ఉన్నట్టు రుజువేది?" అన్నారు.

దారి ఆ చట్టంలోనే ఉంది. యంత్రం లేని పడవల్ని జిల్లా, తాలూకా, పంచాయతీ స్థాయిలో నమోదు చేసుకునే వీలు పెట్టారు. మా గ్రామ సచివాలయం ఇంటికి నడిచెళ్లేంత దూరం. ఆధార్ నకలు, పడవ ఫొటో, కొలతలు తీసుకుని ఒక నంబరివ్వమనండి. తారు పూసిన చెక్క మీద తెల్లరంగుతో మేమే రాసుకుంటాం. సొంత పనికి చిన్న ఇంజను పెట్టుకున్న పడవని కూడా అదే పుస్తకంలో ఎక్కించండి. దానికి ఢిల్లీ ఒప్పుకోవాలంటే మా తరఫున మీరే అడగండి. లైఫ్ జాకెట్ తప్పనిసరి చేస్తే కొనుక్కుంటాం, అందులో పేచీ లేదు.

జులైకి ఎర్రనీళ్లు వస్తాయి. ఆలోపు ఈ పని జరిగితే, నాన్న గెడ తీసి చూరులో పెట్టేస్తాను.

ఇట్లు,
ఓ లంక రైతు కొడుకు