మూడు సెకన్లలో ఎవరూ స్పృహ తప్పరు

సంపాదకులకు నమస్కారం.

ఎనిమిది వారాలుగా ప్రతి శుక్రవారం రాత్రి మా అక్కా నేనూ కూర్చుని ఒక థ్రిల్లర్ సీరియల్ చూశాం. పోయిన వారంతో అది ముగిసింది. వెంటనే రాస్తే కోపంలో ఏదేదో రాసేస్తానని రెండు రోజులు ఆగి ఈ ఉత్తరం రాస్తున్నాను. సీరియల్ పేరు చెప్పను. ఈ బాధ ఆ ఒక్కదానితో వచ్చింది కాదు. మంచి నవల పేరు వాడుకుని తీసిన సీరియళ్లు వరసగా నాలుగైదు చూశాక గూడు కట్టుకున్నది.

మా అక్కకు ఐదేళ్లుగా చూపు బాగా మందగించింది. తెర మీద వెలుగూ నీడా తెలుస్తాయి కానీ మనుషుల మొహాలు తెలియవు. మాటలు వింటుంది. మాటలు లేనిచోట ఏం జరుగుతోందో నేను చెప్పాలి. "తలుపు తీశాడు. లోపల చీకటి. గోడ పట్టుకుని నడుస్తున్నాడు" అని చెబుతూ పోతాను. ఇలా చెప్పడం అలవాటయ్యాక నాకొకటి తెలిసింది. కంటితో చూస్తున్నప్పుడు మ్యూజిక్ హోరులో కొట్టుకుపోయే లొసుగులు నోటితో చెప్పబోతే గొంతులో అడ్డం పడతాయి. "తరవాత..." అని ఆగిపోతాను. "అదెలాగే? వీళ్లక్కడున్నారని వాడికెవరు చెప్పారు?" అని అక్క అడుగుతుంది. మొదట్లో నేనే ఏదో చూడలేదేమో అని వెనక్కి తిప్పి చూసేదాన్ని. అక్కడ ఏమీ ఉండేది కాదు.

ఆ సీరియల్‌కు ఆధారమైన నవల మేమిద్దరం పెళ్లికి ముందు చదివాం. నేను 31 ఏళ్లు నర్సుగా పనిచేశాను. నైట్ డ్యూటీలో వార్డు సద్దుమణిగాక, రెండింటికీ నాలుగింటికీ మధ్య, కునుకు పట్టకుండా నన్ను కాపాడినవి ఇలాంటి నవలలే. ఆ పుస్తకం అట్ట ఊడిపోయినా ఇంకా మా ఇంట్లోనే ఉంది. అది సీరియల్‌గా వస్తోందని తెలిసినప్పుడు అక్క సంబరం ఇంతా అంతా కాదు. ఇక చదవలేను కదా, వినైనా వింటాను అంది.

నవలలో కథంతా ఒక ఉత్తరం మీద నిలబడింది. హంతకుడెవరో తెలిసిపోయిన ఆవిడ చెల్లెలికి ఉత్తరం రాసి పోస్టు చేస్తుంది. అది చేరడానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ హంతకుడు అదే ఇంట్లో అతిథిగా ఉంటాడు. ఉత్తరం ఎంతవరకు వెళ్లి ఉంటుందో ఆవిడతో పాటు మనమూ లెక్క వేసుకుంటూ ఉంటాం. రచయిత చేసిందల్లా అంతే. దాంతోనే 200 పేజీలు ఊపిరి బిగబట్టించాడు.

సీరియల్ వాళ్లు కథను ఈ కాలానికి తెచ్చారు. తేవచ్చు, తప్పులేదు. కానీ ఈ కాలంలో ఆవిడ చేతిలో సెల్‌ఫోన్ ఉంది. చెల్లెలికి ఒక్క కాల్ చేస్తే మొదటి వారంలోనే కథ అయిపోతుంది. దాన్ని ఆపడానికి ఏం చేశారో చూడండి. మొదట ఫోన్ నీళ్లలో పడింది. ఇంకొకరి ఫోన్ అడిగితే చార్జింగ్ లేదు. మూడోసారి మెసేజ్ టైప్ చేసింది, సిగ్నల్ పోయింది. సిగ్నల్ మళ్లీ వచ్చేసరికి ఆ సంగతి ఆవిడే మరిచిపోయింది! ప్రాణభయంతో ఉన్న మనిషి మరిచిపోయింది! ఒక్క ఉత్తరం చేసిన పని మూడు కాకతాళీయాలు కలిసి కూడా చేయలేకపోయాయి. ఉత్తరం తీసేస్తే దాని స్థానంలో అంత బలమైనది ఇంకోటి పెట్టాలి. భయపడి చెప్పలేకపోయిందనో, చెబితే చెల్లెలి ప్రాణానికీ ముప్పనుకుందనో, ఏదో ఒక కారణం మనిషిలోంచి రావాలి. బ్యాటరీలోంచి రాకూడదు.

ఇక నన్ను నిజంగా కుదిపేసిన సీన్. హంతకుడు వెనకనుంచి వచ్చి క్లోరోఫామ్‌లో తడిపిన రుమాలు ముక్కు మీద నొక్కుతాడు. ఒకటి, రెండు, మూడు. ఆవిడ వాలిపోతుంది. కారు డిక్కీలో పడేసి గంటల తరబడి తిప్పుతాడు. దింపగానే ఆవిడ లేచి పరిగెత్తుతుంది.

క్లోరోఫామ్‌ను 1847లో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే డాక్టరు మత్తుమందుగా వాడకంలోకి తెచ్చాడు. మరుసటి ఏడాది జనవరిలోనే ఇంగ్లండ్‌లో 15 ఏళ్ల అమ్మాయి, హన్నా గ్రీనర్, కాలి గోరు తీయడానికి ఆ మందు ఇస్తుంటే నిమిషాల్లో చనిపోయింది. అంత ప్రమాదకరమైన మందు అది. నేను ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసే నాటికి దాన్ని వాడటం మానేశారు. కానీ పీల్చే మత్తుమందులు ఇస్తుంటే పక్కన నిలబడి ఎన్నోసార్లు చూశాను. మాస్కు పెట్టగానే మనిషి నిద్రపోడు. ముందు మాట ముద్దగా వస్తుంది. తరవాత కొందరు చేతులు విసురుతారు, తల అటూ ఇటూ కొడతారు. ఆ దశలో పట్టుకోవడానికి ఇద్దరం ఉండేవాళ్లం. క్లోరోఫామ్ అయితే రుమాలుతో పడగొట్టడానికి ఐదు నిమిషాలైనా ఎడతెగకుండా పీల్పించాలి. స్పృహ తప్పాక పని అయిపోలేదు, అసలు పని అప్పుడే మొదలవుతుంది. నాలుక వెనక్కి జారి ఊపిరి ఆడదు. దవడ కింద వేళ్లు పెట్టి పైకి ఎత్తి పట్టుకోవాలి. ఆ వేళ్లు ఎంత సేపు అలా ఉంచాలో, ఎలా నొప్పెడతాయో నాకు తెలుసు. వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోకుండా పక్కకు తిప్పాలి. అలాంటి మనిషిని డిక్కీలో పడేస్తే శవంగా దింపే అవకాశమే ఎక్కువ.

పోనీ, ఇది నర్సు చాదస్తం అనుకోండి. నవలలో అదే చోట ఏముందో చెబుతాను. హంతకుడు ఆవిడకు పాలలో నిద్రమాత్రలు కలిపి ఇస్తాడు. ఎదురుగా కూర్చుంటాడు. ఆవిడ గ్లాసు అందుకుంటుంది, వేడిగా ఉందని పక్కన పెడుతుంది. మాటల్లో పడి సగం తాగుతుంది. మాత్రలు పనిచేయడానికి గంట పడుతుంది. ఆ గంటసేపు ఇద్దరూ చిన్ననాటి సంగతులు మాట్లాడుకుంటారు. ఆవిడ మాట ఒకచోట తడబడుతుంది. తనలో ఏదో జరుగుతోందని ఆవిడకు అర్థమవుతుంది, అర్థమైందని అతనికీ తెలుస్తుంది. ఇద్దరూ బయటపడరు. ఆ అధ్యాయం చదివిన రాత్రి నేను కుర్చీని గోడకు జరుపుకుని, వీపు గోడకు ఆనించి కూర్చున్నాను. ఆ గంటను తీసేసి మూడు సెకన్ల రుమాలు పెట్టారు. నిజంగా జరిగేది నెమ్మదిగా జరుగుతుంది. టెన్షన్ అంతా ఆ నెమ్మదిలోనే ఉంటుంది. దాన్ని వాళ్లే చేజేతులా పారేసుకున్నారు.

డిటెక్టివ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. శవం చెయ్యి ముట్టుకుని "రాత్రి 11.40కి చనిపోయాడు" అన్నాడు. చనిపోయినవాళ్ల కళ్లు మూసి, దవడకు కట్టు కట్టే పని మాది. ఆలస్యం చేస్తే దవడ బిగుసుకుపోతుంది. మామూలుగా రెండు నుంచి నాలుగు గంటల్లో మొదలవుతుంది, ఒంటి నిండా పాకడానికి 12 గంటల దాకా పడుతుంది. గది వేడిని బట్టి, ఒంటిని బట్టి అదీ మారుతుంది. కాబట్టి డాక్టరైనా ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల మధ్య అంటాడు కానీ నిమిషాలు చెప్పడు.

ఆరో వారంలో ఆసుపత్రి సీన్ వచ్చింది. మానిటర్ మీద గీత చదునైపోయింది. డాక్టరు ఛాతీ మీద షాక్ ఇచ్చాడు. మనిషి ఎగిరిపడి కళ్లు తెరిచాడు. అక్కకు ఆ సీన్ నేను చెప్పలేదు. "ఏమైంది?" అంటే "బతికాడు" అన్నాను, అంతే.

ఎందుకంటే నాకు ఒక కొడుకు గుర్తొచ్చాడు. తండ్రి మంచం పక్కన మేము వంతులవారీగా ఛాతీ నొక్కుతున్నాం. గీత చదునుగా ఉంది. అతను నా మోచెయ్యి పట్టుకుని "షాక్ ఇవ్వండి మేడమ్, ఎందుకివ్వడం లేదు, మిషన్ అక్కడే ఉంది కదా" అని ఏడ్చాడు. గుండె లయ తప్పి వణుకుతున్నప్పుడు ఆ వణుకు ఆపడానికి ఇచ్చేది షాక్. గీత పూర్తిగా చదునైతే దానివల్ల ఉపయోగం లేదు. ఛాతీ నొక్కడం, అడ్రినలిన్ ఇవ్వడం, అంతే చేయగలిగింది. ఆ క్షణంలో ఇదంతా అతనికి ఎలా చెప్పను? తండ్రి పోయాడు. ఆ మిషన్ వాడి ఉంటే బతికేవాడన్న మాట ఆ కొడుకు మనసులో ఉండిపోయిందేమో అన్న దిగులు నాకు ఇప్పటికీ ఉంది. అతను అది ఎక్కడ చూసి నేర్చుకున్నాడో మనందరికీ తెలుసు.

దీనికి పూర్తిగా ఎదురు సంగతి ఒకటి ఉంది. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసింది. విషాల గురించి ఎంత జాగ్రత్తగా రాసేదంటే, 1920లో వచ్చిన ఆమె మొదటి నవలను మందుల వృత్తివాళ్ల పత్రికే మెచ్చుకుంది. 1961లో రాసిన ఒక నవలలో థాలియం అనే విషం ఎక్కితే జుట్టు ఊడటం లాంటి లక్షణాలు ఎలా ఉంటాయో వివరంగా రాసింది. 1977లో లండన్‌లోని ఒక ఆసుపత్రిలో ఒక పసిబిడ్డ జబ్బేమిటో డాక్టర్లకు అంతుపట్టలేదు. అప్పట్లో ఆ నవల చదువుతున్న నర్సు లక్షణాలు గుర్తుపట్టి థాలియమేమో చూడమంది. అదే నిజమైంది, బిడ్డ కోలుకుంది. మొదటిసారి ఇది చదివినప్పుడు నైట్ డ్యూటీలో నవలలు చదివిన నర్సుగా నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఇవన్నీ చెబితే మా అక్క కొడుకు ఒప్పుకోడు. "పిన్నీ, అది కథ. హిచ్‌కాక్ కూడా ఇలా లాజిక్ వెతికేవాళ్లను పట్టించుకోలేదు" అంటాడు. అది నిజమే. కానీ ఆయన సినిమా రెండు గంటల్లో అయిపోతుంది. ఆలోచించే సందు ఇవ్వకుండా మనల్ని చివరిదాకా లాక్కుపోతాడు. ఇక్కడ మాకు ప్రతి శుక్రవారానికీ మధ్య ఏడు రోజులు ఇచ్చారు. ఏడు రోజులు మేము ఆ కథను మనసులో తిప్పుకుంటూనే ఉంటాం. ఎనిమిది భాగాలుగా సాగదీసినవాళ్లు ఎనిమిది వారాలు నిలిచే కథ ఇవ్వాలి కదా.

అలాగని చిన్న చిన్న తప్పులు పట్టుకుని సాధించే మనిషిని కాను. 1892లో కానన్ డాయిల్ రాసిన షెర్లాక్ హోమ్స్ పాము కథ ఉంది కదా, అందులో హంతకుడు పాముకు పాలు పోసి పెంచుతాడు. పాముకు పాలు ఆహారం కావని ఇప్పుడు చాలామందికి తెలుసు. అయినా ఆ కథంటే నాకు ప్రాణం. నేలకు బిగించిన మంచం, ఏ గంటకూ కట్టని గంట తాడు, పక్క గదిలోకి తెరుచుకునే కన్నం, అన్నీ ముందే మన కళ్లెదుట పెట్టాడు. చివర్లో వెనక్కి తిరిగి చూస్తే అన్నీ ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. తెలియక చేసిన తప్పును క్షమించడం పాఠకుడికి కష్టం కాదు. ఆటలో మోసం చేస్తేనే మనసు విరుగుతుంది.

మా సీరియల్ ఆఖరి వారంలో జరిగింది అదే. నవల చదివినవాళ్లను కూడా ఆశ్చర్యపరచాలని హంతకుణ్ని మార్చేశారు. కానీ ఆధారాలు మార్చలేదు. మూడో వారంలో బూటు మీద కనిపించిన సున్నం మరక, ఐదో వారంలో ఎడమచేత్తో పెట్టిన సంతకం, అన్నీ పాత హంతకుడి వైపే చూపిస్తున్నాయి. కొత్త హంతకురాలు కుడిచేతి మనిషి! ఆ సున్నం గోడ దగ్గరికి ఎప్పుడూ వెళ్లలేదు! 1929లో రోనాల్డ్ నాక్స్ అనే మతగురువు డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాసి పెట్టాడు. డిటెక్టివ్‌కు దొరికిన ప్రతి ఆధారం పాఠకుడికీ చూపించాలని అందులో ఉంది. వీళ్లు ఆధారాలైతే చూపించారు, కానీ వాటికీ ముగింపుకీ సంబంధం తెంచేశారు. ఐదు వారాలు మా అక్క ఆ సున్నం మరకను మనసులో దాచుకుంది. కళ్లతో చూడకపోయినా, నేను చెప్పిన ఒక్క మాటతో దాచుకుంది. చివరికి "మరి ఆ సున్నం?" అని అడిగింది.

తీసేవాళ్లకు నా మనవి ఒక్కటే. షూటింగ్‌కు ముందు స్క్రిప్టును ఒక నర్సుకో, ఒక రిటైర్డ్ పోలీసుకో ఇచ్చి ఒక పూట కూర్చోబెట్టండి. మాలాంటివాళ్లం డబ్బులడగం, సంతోషంగా వస్తాం. కెమెరా, సెట్ల కోసం పడే శ్రమలో పదో వంతు కూడా కాదిది.

మీ పత్రికకు కూడా ఒక మనవి ఉంది. మీ టీవీ పేజీలో ఈ సీరియల్ సమీక్ష అక్కకు చదివి వినిపించాను. నటన, ఫొటోగ్రఫీ, నేపథ్య సంగీతం గురించి పొగిడారు. కథ నిలబడిందా లేదా అన్న మాట ఒక్కచోటా లేదు. ముగింపు బయటపెట్టమనడం లేదు. చూపించిన ఆధారాలకు చివర్లో జవాబు ఉందా, నవలనుంచి తీసేసినదాని చోట ఏం పెట్టారు, ఈ రెండు సంగతులు రాస్తే చాలు. ఎనిమిది రాత్రులు పెట్టాలో వద్దో మేము నిర్ణయించుకుంటాం.

ఆ రాత్రి టీవీ ఆపాక అక్క పుస్తకం తెమ్మంది. అట్ట లేని ఆ నవల తీసి, దీపం కిందికి జరిగి, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. నిన్నటికి పాల గ్లాసు అధ్యాయం సగానికి వచ్చింది. ఆవిడ ఇంకా గ్లాసు ఖాళీ చేయలేదు.

ఇట్లు
ఒక రిటైర్డ్ నర్సు