మానిటర్‌తో పాటు పంపుతున్న కాగితం

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. అన్నయ్య ఇచ్చిన పీఎస్4 (తెరకి తగిలించి ఆడే గేమ్ డబ్బా) కోసం వాయిదాల మీద టీవీ కొంటానని మొన్న ఫోన్లో అన్నావు కదా. కొనకు తల్లీ. దానికి టీవీయే ఉండాలన్న రూలేమీ లేదు. బొమ్మ చూపించే తెర, దాని వెనక సరైన సాకెట్ ఉంటే చాలు. షాపులో బిల్లులు కొట్టే కంప్యూటర్ మార్చాక ఇరవై రెండు అంగుళాల మానిటర్ ఊరికే పడి ఉంది. దాన్ని తుడిచి, రిపేరుకి వచ్చిన పీఎస్4 ఒకటి బాగుచేశాక దీనికే తగిలించి చూశాను. బొమ్మ చక్కగా వచ్చింది. బాబాయి బరంపురం వస్తున్నాడు, తనతో పంపిస్తున్నాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని ఈ కాగితం పెట్టెలోనే పెడుతున్నాను.

మానిటర్ వెనక కింది వైపు చూడు. నీలం రంగు సాకెట్, మూడు వరసల్లో 15 బెజ్జాలు, అది వీజీఏ అనే పాత రకం బొమ్మ సాకెట్. దాని జోలికి వెళ్లకు. అది అనలాగ్, పీఎస్4 నుంచి వచ్చేది డిజిటల్. మధ్యలో చిప్ ఉన్న కన్వర్టర్ ఉంటే తప్ప పని జరగదు. ఒక కొసన హెచ్‌డీఎంఐ (పీఎస్4 వెనక బొమ్మ బయటికి వచ్చే సాకెట్ రకం), ఇంకో కొసన వీజీఏ ఉన్న ఉత్త వైరు ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా తీసుకోకు, డబ్బులు దండగ. పక్కన తెల్లగా, చిన్న చిన్న బెజ్జాల వరసలతో, ఒక పక్క సన్నటి అడ్డగీత లాంటి గాడితో ఉన్నదే డీవీఐ. హెచ్‌డీఎంఐలో బొమ్మ ఏ రకం సిగ్నల్‌గా వస్తుందో ఇదీ అదే తీసుకుంటుంది, అందుకే మామూలు వైరు సరిపోతుంది. వైరు పెట్టెలో ఉంది, హెచ్‌డీఎంఐ కొస పీఎస్4కి, డీవీఐ కొస మానిటర్‌కి. డీవీఐ కొసకి రెండు స్క్రూలుంటాయి, వేళ్లతో బిగిస్తే చాలు.

ఇప్పుడు చెప్పేది మాత్రం జాగ్రత్తగా చదువు. వైరు తగిలించే ముందు పీఎస్4, మానిటర్ రెండింటి ప్లగ్గులూ బోర్డులోంచి తీసెయ్. స్విచ్ కట్టేస్తే సరిపోతుందనుకోకు. హెచ్‌డీఎంఐ పోర్టు దగ్గరి చిప్ కాలిపోయిన డబ్బాలు షాపుకి వస్తూనే ఉంటాయి. అన్నయ్య ఇచ్చిన మోడల్‌కి కరెంటు వైరు రెండు పిన్నులది, ఎర్త్ లేదు. కరెంటు ఉండగా దాని పోర్టు ఇనుము మీద వేలు పెడితే సన్నగా చిమచిమలాడొచ్చు. ఆ లీకేజీ కాస్తా, వైరు దూర్చే క్షణంలో సిగ్నల్ పిన్నుల గుండా పోయిందంటే చిప్ పోతుంది. ముందు వైరు, తర్వాత కరెంటు. రెండూ ఒకే స్పైక్ బోర్డుకి పెట్టు. అద్దె గదుల్లో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది కానీ ఎర్త్ వైరు లోపల ఒక్కోసారి కలిపే ఉండదు. మీ ఇంటి ఓనర్‌ని అడిగి ఎలక్ట్రీషియన్‌తో చూపించు, మొహమాటపడకు. వేసవి సాయంత్రాల్లో ఉరుములు మొదలైతే ప్లగ్గులు పీకేయడమే.

డీవీఐ దారిలో సౌండ్ రాదు, టెన్షన్ పడకు. నీ ఇయర్‌ఫోన్స్ కంట్రోలర్ కింద ఉన్న బెజ్జంలో పెట్టి, సెట్టింగ్స్‌లో డివైసెస్, అందులో ఆడియో డివైసెస్‌కి వెళ్లి, హెడ్‌ఫోన్స్‌కి ఆల్ ఆడియో అని మార్చు. రాత్రి ఆడుకున్నా నీ రూమ్మేట్ నిద్ర చెడదు, నాకైతే ఇదే నచ్చింది.

నలుపు రంగు బూడిదలా వెలిసిపోయి కనిపిస్తే వీడియో సెట్టింగ్స్‌లో ఆర్‌జీబీ రేంజ్‌ని ఫుల్ చెయ్. అసలు బొమ్మే రాకపోతే, ముందు మానిటర్ బటన్‌తో ఇన్‌పుట్ డీవీఐలో ఉందో లేదో చూసుకో. చాలామంది అక్కడే ఆగిపోతారు. అప్పటికీ నల్లగానే ఉంటే డబ్బా ఆపేసి, పవర్ బటన్ నొక్కిపెట్టు. ఒక బీప్ వస్తుంది, ఓ ఏడు సెకన్లకి రెండోది వస్తుంది, అప్పుడు వదులు. సేఫ్ మోడ్ అనే రిపేరు మెనూ తెరుచుకుంటుంది. కంట్రోలర్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపి రిజల్యూషన్ మార్చుకో. ఉత్త ఛార్జింగ్ వైరు అయితే కంట్రోలర్ పలకదు.

ఇంకొకటి, మానిటర్ బదులు నీ లాప్‌టాప్ తెర మీదే పీఎస్4 బొమ్మ చూద్దామని అనుకోకు. మామూలుగా లాప్‌టాప్ హెచ్‌డీఎంఐ బొమ్మని బయటికి పంపడానికే, లోపలికి తీసుకోవడానికి కాదు.

చదువు ఒత్తిడిలో నువ్వు ఓ గంట ఆడుకుంటే నాకు సంతోషమే. ఆ నెలనెలా కట్టే వాయిదా నీ మీద పడకూడదనే నా ఆరాటమంతా. మిగిలే డబ్బుతో పండక్కి ఇంటికి రా, అమ్మ రోజూ అడుగుతోంది. పచ్చడి సీసా కూడా ఇదే పెట్టెలో పెట్టమంది, నేనే వద్దన్నాను. అది బాబాయి సంచిలో వేరేగా వస్తోంది.

పెట్టెని నిలువుగానే పట్టుకుని తీసుకెళ్లు, మీద ఏమీ పెట్టకు. వైరు తగిలించాక, ప్లగ్గులు పెట్టకముందే వెనక వైపు ఫోటో తీసి పంపు. స్క్రూలు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసి చెబుతాను.

ఇట్లు
మీ నాన్న