కణంలో ఎముకలు లేవన్న మీ జవాబు గురించి

మేనేజర్ గారికి,

విషయం: వేరు బుడిపెల యానిమేషన్ పాఠంలోని తప్పులు, సవరణ లేదా సొమ్ము వాపసు.

అయ్యా,

నేను అనంతపురం జిల్లాలోని ఒక జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతాను. వేరు బుడిపెల మీద (పప్పుజాతి మొక్కల వేర్లకు ఉండే ఈ బుడిపెల్లో బాక్టీరియా కాపురముండి మొక్కకు నత్రజని అందిస్తుంది) మీరు అమ్ముతున్న యానిమేషన్ పాఠాన్ని జూన్‌లో 1,850 రూపాయలకు కొన్నాను. కళాశాల సొమ్ము కాదు, నా జీతంలోది. బాక్టీరియా చేరిన కణంలో కణ అస్థిపంజరాన్ని అసలు చూపలేదని రెండుసార్లు మెయిల్ చేశాను. మీ వినియోగదారుల విభాగం ఇచ్చిన జవాబు ఇది: ‘మొక్క కణంలో ఎముకలు ఉండవు, గమనించగలరు.’ గమనించాను. అందుకే ఈ ఉత్తరం.

అస్థిపంజరం అన్నది పేరు మాత్రమే. అవి ప్రోటీన్ పోగులు. ఆక్టిన్ తంతువుల మందం సుమారు 7 నానోమీటర్లు, సూక్ష్మనాళికలది 25. పందిరి గుంజల్లా పాతేసినవి కావు, ఒకచోట విడిపోతూ మరోచోట అల్లుకుంటూ ఉంటాయి. మీ పాఠంలో కణం ఒక గోనెసంచి, రైజోబియం, అంటే బుడిపెల్లోని ఆ బాక్టీరియా, అందులో పోసిన గింజలు. సంచి కదలదు, మెదలదు.

అసలు జరిగేది ఇలా కాదు. బాక్టీరియా విడుదల చేసే నాడ్ కారకం అనే రసాయన సంకేతం మూలకేశాన్ని, అంటే వేరు మీది సన్నని నూగును, తాకిన కొద్ది నిమిషాల్లోనే దాని కొసన ఉన్న ఆక్టిన్ అమరిక మారిపోతుంది. తర్వాత కొస వంకీ తిరిగి బాక్టీరియాను నడుమ బిగించుకుంటుంది. అక్కడి నుంచి సంక్రమణ తంతువు, అంటే బాక్టీరియా ప్రయాణించే సన్నని గొట్టం, లోపలికి సాగుతుంది. పరిశోధకులు ఎక్కువగా వాడే మెడికాగో మొక్కలో కణ కేంద్రకమే ఆ తంతువుకు ముందు నడుస్తుంది, రెండింటి నడుమ సూక్ష్మనాళికలు ఉంటాయి. చివరికి బాక్టీరియా మొక్క ఇచ్చిన పొరను చుట్టుకుని కణంలోకి దిగుతుంది. ఒక్కో కణంలో అలాంటి పొట్లాలు వేలల్లో ఉంటాయి. మరి చోటెక్కడిది? కణం పెరుగుతుంది, మెడికాగోలోనైతే నడిమి రిక్తిక (కణం మధ్యలోని ద్రవపు సంచి) కుంచించుకుపోతుంది, ఆక్టిన్ ఆ పొట్లాల చుట్టూ కొత్తగా వల అల్లుకుంటుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే అతిథులను చూశాం. వీళ్లు వాసాలనే జరిపిస్తారు, పైగా నత్రజని రూపంలో అద్దె కడతారు! పాఠానికి ప్రాణం ఇదే. మీరు వదిలేసింది ఇదే.

రెండో తప్పు ఇంకా ఇబ్బంది పెట్టింది. పాఠం ముఖచిత్రం వేరుశనగ మొక్క. లోపల చూపిన మూలకేశం దారి బఠానీకి, సోయాకు సరిపోతుంది గానీ వేరుశనగకు కాదు. వేరుశనగలో బాక్టీరియా పక్కవేర్లు పొడుచుకొచ్చిన చోట ఏర్పడే చీలికల గుండా దూరుతుంది, సంక్రమణ తంతువు ఉండదు. మా పిల్లల్లో సగం మంది వేరుశనగ రైతుల ఇళ్లవాళ్లు. ఒక అమ్మాయి చేలోంచి మొక్క పీక్కొచ్చి, బుడిపెలన్నీ పక్కవేర్ల మొదట్లోనే ఎందుకున్నాయని అడిగింది. జవాబు మీ పాఠంలో లేదు. బుడిపెను గోటితో చీల్చి చూపించింది కూడా. లోపల ఎర్రగా ఉంది, మన రక్తంలోని హీమోగ్లోబిన్ లాంటి లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రోటీన్ రంగు అది. మీ తెర మీద మాత్రం ఆకుపచ్చ.

శాస్త్రవేత్త బైజరింక్ బుడిపెల నుంచి ఈ బాక్టీరియాను వేరుచేసి పెంచింది 1888లో. మీరు 1988 అని వేశారు. ఆ ఏడు నేను ఆరో తరగతి చదువుతున్నాను, ఎవరూ చెప్పలేదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. 30 రోజుల్లో పాఠాన్ని సరిచేసి, ఇప్పటికే కొన్నవారందరికీ కొత్త ప్రతిని ఉచితంగా పంపండి. లేదా నా 1,850 రూపాయలు తిరిగి ఇచ్చి, సరిచేసేదాకా అమ్మకం ఆపండి. రెండూ జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను.

బిల్లు నకలు, మీ జవాబు ప్రతి, తప్పులున్న దృశ్యాల ఫోటోలు జతచేశాను. ఈసారి జవాబు రాసే పని వృక్షశాస్త్రం చదివినవారికి అప్పగించగలరు.

ఇట్లు,
వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
అనంతపురం జిల్లా