బీరువా నాదట, ఇల్లు మాత్రం ఆయనదట: న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి నమస్కారం.

ఇది నాలుగో ఉత్తరం. మొదటి మూడూ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. రెండింటికి అందినట్టు కార్డులొచ్చాయి, మూడోదానికి అదీ లేదు. ఆన్‌లైన్‌లో పెట్టిన అర్జీకి మాత్రం ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో నాకు తెలియలేదు కాబట్టి ఇలా నలుగురూ చదివేలా రాస్తున్నాను. తప్పయితే మన్నించండి.

చట్టం గురించి మీకు చెప్పేంతదాన్ని కాదు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 27 మీకు కంఠతా వచ్చే ఉంటుంది. విడాకుల్లాంటి కేసుల్లో, పెళ్లి సమయంలో ఇచ్చిన, ఇద్దరికీ కలిపి చెందే ఆస్తి సంగతి కోర్టు తేల్చవచ్చు. అంటే మా నాన్న కొనిచ్చిన బీరువా, మంచం, కంచు బిందె గురించి జడ్జి గారు మాట్లాడొచ్చు. ఆ తర్వాత ఇద్దరం కలిసి కట్టుకున్న ఇంటి గురించి అందులో ఒక్క ముక్క లేదు.

స్థలం ఆయన పేరు, లోను ఆయన పేరు, ఈఎంఐ ఆయన జీతంలోంచి. ఆయన జీతం అటు పోతే సంసారం గడిచింది నా జీతంతో. ప్రైవేటు బడిలో టీచర్ని. బియ్యం, పాలు, పిల్లల ఫీజులు, మా అత్తగారి మందులు, కరెంటు బిల్లు అన్నీ నావే. పాల లెక్క వంటింటి క్యాలెండరు మీద రాసేదాన్ని, ఏ రోజు అరలీటరు, ఏ రోజు లీటరు అని. ఏడాది అయిపోగానే ఆ కాగితాలతో పిల్లల పుస్తకాలకు అట్టలు వేసేదాన్ని. ఇప్పుడు మా లాయరు గారు “మీరు పెట్టిన ఖర్చుకు ఆధారం ఏమైనా ఉందా అమ్మా?” అని అడుగుతున్నారు. ఆధారాలన్నీ అట్టలైపోయాయి సార్. కాపురం చేస్తూ ఎవరైనా రసీదులు దాచుకుంటారా?

స్లాబ్ వేసే ముందు రోజు డబ్బు చాలక నా గాజులు నాలుగూ అమ్మాం. స్త్రీధనం స్త్రీదేనని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. సంతోషం. కానీ నా గాజులు ఇప్పుడు కాంక్రీటులో ఉన్నాయి. స్లాబ్ మీద మడులు కట్టి రెండు వారాలు పొద్దునా సాయంత్రం నీళ్లు పెట్టిందీ నేనే. దానికీ రసీదు లేదు. గృహహింస చట్టం కింద ఆ ఇంట్లో ఉండే హక్కు అడగవచ్చంటున్నారు. ఉండనిస్తారట, వాటా మాత్రం ఇవ్వరట! నా ఇంట్లో నేను అద్దె కట్టని కిరాయిదారునన్నమాట.

ఇంతకీ భరణం ఎగ్గొట్టడానికి అవతలి లాయరు అసలు పెళ్లే చెల్లదంటున్నారు. “ఏడడుగులు నడిచారా?” నడిచాం. “ఫొటో ఉందా?” వీడియో క్యాసెట్ బూజు పట్టింది. “రిజిస్ట్రేషన్?” మాది 2003లో గుళ్లో జరిగిన పెళ్లి. పెళ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అంటూ ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే చట్టం వచ్చిందని అప్పుడు మాకు చెప్పినవాళ్లు లేరు. రిజిస్టర్ చేయించనంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదని హిందూ వివాహ చట్టం సెక్షన్ 8లోనే ఉంది, అయినా నన్ను గంటసేపు నిలబెట్టారు. 2024లో సుప్రీంకోర్టు, తంతు జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటీ ఉంటే చాలదంది. సర్టిఫికెట్ ఉన్నవాళ్లను తంతు ఏదంటారు, తంతు జరిగినవాళ్లను సర్టిఫికెట్ ఏదంటారు. ఇద్దరు పిల్లలు పక్కనే నిలబడి ఉన్నా సరే.

కేసు వేసింది 2019లో. ఆరు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని అదే చట్టం సెక్షన్ 21బీ అంటుంది. చదివి నవ్వుకున్నాను.

నా అసలు కోపం వేరే. విడాకులైతే భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇచ్చే వివాహ చట్టాల సవరణ బిల్లును 2013 ఆగస్టులో రాజ్యసభ ఆమోదించింది. 2014లో లోక్‌సభ రద్దయ్యేసరికి అది మురిగిపోయింది. మా వంటింట్లో ఏదైనా మురిగిపోతే పారబోసి ఆ పూటే మళ్లీ వండుతాం సార్. మీ వంటింట్లో ఇన్నేళ్లయినా పొయ్యి వెలగలేదు. గోవాలో పోర్చుగీసు కాలం నాటి చట్టం ప్రకారం, వేరే ఒప్పందం రాసుకోకపోతే, ఆస్తి ఆలుమగలిద్దరికీ ఉమ్మడి. మా నాన్న ముహూర్తం చూడటం కంటే రాష్ట్రం చూడాల్సింది. 2023లో మద్రాసు హైకోర్టు ఇల్లు చూసుకున్న భార్య కష్టానికీ ఆస్తిలో సమాన వాటా ఉందని చెప్పింది. కానీ ఆ తీర్పు కాపీ పట్టుకుని ఎంతమందిమి ఎన్ని మెట్లెక్కాలి?

ఆ బిల్లు మళ్లీ తెండి. ఆ పేరుతోనే తేనక్కర్లేదు, మీకు నచ్చిన పేరు పెట్టుకోండి. పెళ్లయ్యాక సంపాదించింది ఇద్దరిదీ అని ఒక్క వాక్యం రాయండి చాలు. దయచేసి రాయండి. అది కుదరకపోతే కుదరదనైనా చెప్పండి, ‘పరిష్కరించబడింది’ అని మాత్రం మెసేజ్ పంపకండి.

వచ్చే నెల మళ్లీ వాయిదా ఉంది. జవాబు రాయాలనిపిస్తే నా చిరునామా పాత అర్జీల మీద ఉంది. అది ఆ ఇంటిది కాదు, మా అన్నయ్య వాళ్లింటిది.

ఇట్లు,
మూడు అర్జీలు పెట్టిన ఒక టీచరు