నోట్లో నానని నువ్వుగింజ

దేవరకొండ,
మే 18, ఆదివారం

ఒరేయ్ అరసున్నా,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలు దాటింది. తిట్టుకో, ఆ హక్కు నీకుంది. మార్చి అంతా పదో తరగతి పరీక్షలు, ఏప్రిల్ అంతా పేపర్లు దిద్దడం, ఆ తరువాత ఎండ. ఎండ కూడా ఒక సాకేనా అని నవ్వకు. ఒసాకాలో కూర్చుని నల్గొండ ఎండను చూసి నవ్వడం తేలిక. ముందు వార్తలు గబగబా చెప్పేస్తాను: అమ్మ మోకాలు అలాగే ఉంది, చెల్లెలికి మిర్యాలగూడ బదిలీ అయింది, బడి వెనక మన చింతచెట్టు కొట్టేశారు (దాని గురించి విడిగా ఏడుస్తాను), నేను మూడు కిలోలు పెరిగాను. వార్తలు సమాప్తం.

ఇక అసలు సంగతి. నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు కదా. ఈసారి నానకుండా బయటికి దూకుతున్నది నిజంగా నువ్వుగింజే.

గుర్తుందా, 'నువ్వులు' అన్న మాటకు ఏకవచనం చెప్పమని తెలుగు సారు అడిగితే, నువ్వు లేచి నిలబడి ఆయన కళ్లలోకి సూటిగా చూస్తూ "నువ్వు" అన్నావు. సారునే ఏకవచనంలో పిలుస్తావా అని వీపు మీద పడిన ఆ చప్పుడు నాకింకా వినిపిస్తూనే ఉంది. తప్పు నీది కాదు, వ్యాకరణానిది. మొన్న గానుగ దగ్గర కూర్చుంటే అదే గుర్తుకు వచ్చి నాలో నేనే నవ్వుకుంటున్నాను. తాత నా వైపు అనుమానంగా చూసి ఎద్దును కొంచెం అవతలికి జరిపాడు.

ఏ తాత, ఏ గానుగ అంటావా? మొదటి నుంచి చెబుతాను.

నిరుడు పెట్టిన ఆవకాయ దసరా నాటికే ముక్కిపోయింది. జాడీ మూత తీస్తే పక్కింటి వాళ్లు కిటికీ వేసుకున్నారు. దోషమంతా నూనెదేనని అమ్మ తీర్పు చెప్పింది. (ఉప్పు తక్కువైందేమోనని నా అనుమానం. ఈ వాక్యం చదివి మరిచిపో.) ఈసారి గానుగ నూనె అయితేనే పచ్చడి, అదీ నేను దగ్గరుండి ఆడించి తేవాలి అని పట్టు పట్టింది. సరేనని బజారులో పది కిలోల నువ్వులు కొన్నాను. మల్లెపూలలాగా తెల్లగా ఉన్నాయి, మట్టిబెడ్డ ఒక్కటి లేదు. బండి మీద పెట్టుకుని డిండి దారిలో ఉన్న గానుగకు వెళ్లాను. వేపచెట్టు కింద రేకుల కొట్టం, మధ్యలో చెక్క గానుగ, దాని చుట్టూ కళ్లకు గంతలు కట్టుకుని తిరుగుతున్న ఒక తెల్ల ఎద్దు. తాత గాండ్ల ఆయన, డెబ్బై ఏళ్లు ఉంటాయి.

సంచీలో చేయి పెట్టి గుప్పెడు తీశాడు. అరచేతుల మధ్య నలిపాడు. వాసన చూశాడు. నాలుగు గింజలు నమిలి ఉమ్మేశాడు.

"సారూ, వీటిని దీపం కింద పోసుకోండి. గానుగలో వేయను."

"ఎందుకు తాతా? ఎంత శుభ్రంగా ఉన్నాయో చూడు."

"శుభ్రంగానే ఉన్నాయి. కానీ పాతవి. ఇప్పుడే ముక్కిన వాసన వస్తోంది, నూనె అయ్యాక పోతుందా? రేపు పచ్చడి చెడిపోతే మీ అమ్మ తిట్టేది నన్నే, మిమ్మల్ని కాదు."

నాకు కోపం వచ్చింది రా. డబ్బులిస్తానంటే వద్దనే దుకాణదారుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. పైగా నన్ను పనికి పురమాయించాడు: పక్క తండాలో ఒక ఆమె ఇంట్లో ఈ యాసంగి నువ్వులు అమ్ముడుపోకుండా ఉన్నాయి, వెళ్లి ధర మాట్లాడుకుని తెచ్చుకోండి, అప్పుడు ఆడిస్తాను అన్నాడు. మిట్టమధ్యాహ్నం. నా తల మీద ఆమ్లెట్ వేసుకోవచ్చు. అయినా ఎందుకో వెళ్లాను.

ఆ అక్క కథ వినాలి. బోరు రెండు గంటలకు మించి పోయడం లేదు, వరి వేస్తే ఎండిపోతుందని జనవరి చివర ఎకరంలో నువ్వులు చల్లింది. ఎకరానికి రెండున్నర కిలోల విత్తనం చాలట. గింజ మరీ చిన్నది కాబట్టి ఇసుకలో కలిపి చల్లాలి, లేకపోతే ఒకచోట కుప్పగా పడుతుంది, ఇంకోచోట ఖాళీ. నాలుగైదు తడులతో పంట చేతికి వచ్చింది. మధ్యలో కొన్ని మొక్కలకు వెర్రి తెగులు పట్టింది. పువ్వులు రావలసిన చోట చిన్న చిన్న ఆకులు గుత్తులుగా వస్తాయట, పేరు భలే పెట్టారు. వాటిని పీకి పారేసింది. కింది కాయలు పసుపుపచ్చగా తిరగగానే కోసేయాలి. ఏమరుపాటుగా ఉంటే కాయ పగిలి గింజంతా నేలపాలే. కోసి, కట్టలు కట్టి, నిలబెట్టి ఎండబెట్టి, తలకిందులుగా పట్టుకుని దులిపితే రెండున్నర క్వింటాళ్లు వచ్చాయి.

తీసుకుని వెళ్తే వ్యాపారి ఏమన్నాడో తెలుసా? "రంగు కలిసింది." అంతే. తన ఇంట్లో దాచుకున్న విత్తనమే వేసింది కదా, తెల్లవీ గోధుమరంగువీ కలగలిసి ఉన్నాయి. మిఠాయిలకూ ఎగుమతికీ పోయేవాటికి ఒకే తెలుపు కావాలట. అతను చెప్పిన ధరకు ఆటో కిరాయి పోగా చేతికి ఏమీ మిగలదని వెనక్కి తెచ్చుకుంది. జగిత్యాల పరిశోధన స్థానం వాళ్ల శ్వేత తిల్ అనే తెల్ల రకం ఉంది, అది వేసి ఉంటే ఈ గొడవ ఉండేది కాదని నేను తెలివి ప్రదర్శించాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇది మా అత్త ఇచ్చిన విత్తనం సారూ" అంది. ఆ తరువాత నేను మాట్లాడితే ఒట్టు.

నువ్వులు చేతికి చేయి అందిస్తే గొడవలవుతాయని ఆమె సంచీ నేల మీద పెట్టింది, నేను నేల మీది నుంచి తీసుకున్నాను. లెక్కల మాస్టారినై ఉండి! తీసుకున్నాను రా, ఏం చేయను.

తాత ఆ నువ్వులు నమిలి, కళ్లు మూసుకుని, తల ఊపాడు. "మరి రంగు?" అని అడిగాను.

"ఎద్దుకు గంతలు కట్టాం కదా సారూ, దానికి రంగుతో పనేముంది?"

ఈ మాట నీకు చెప్పాలనే ఈ ఉత్తరం. మూడు రోజులుగా కడుపులో గుడగుడలాడుతోంది. బజారులో తెల్లగా మెరిసేవి ఈయన దగ్గర చెల్లలేదు, బజారు వద్దన్నవి ఈయనకు కావాలి. చుట్టుపక్కల రంగు కలిసినవీ, గింజ సన్నమైనవీ ఏవి మిగిలినా ఆయనే కొంటాడట. తాలు మాత్రం జల్లెడ పట్టి కోళ్లకు వేస్తాడు.

నూనె శనివారం ఇంటికి తేకూడదని అమ్మ ఆంక్ష. అందుకని శుక్రవారం పొద్దున్నే వెళ్లి కూర్చున్నాను. ఒక వాయికి పది కిలోలు. రోట్లో గింజ పోసి ఎద్దును తోలాడు. మొదటి అరగంట ఏమీ లేదు, కర్ర కిర్రుమనడం, ఈగలు, నా ఆవలింతలు. తరువాత గింజ నలిగి ముద్దయింది. కొంచెం వేడినీళ్లు చిలకరించి, గుప్పెడు బెల్లం నలిపి వేశాడు. తీపి కోసమా అంటే కాదట, ముద్దకు పట్టు వచ్చి నూనె విడుస్తుందట. ఇంకాసేపటికి అంచున ఒక మెరుపు కనిపించింది. అది గీత అయింది, గీత మడుగైంది. ఆ వాసన... ఎంగిలిపూల బతుకమ్మ నాడు మీ ఇంట్లో మీ అమ్మ నువ్వులు వేయిస్తుంటే మనం గోడ దూకి వచ్చేవాళ్లం చూడు, అది. అంతకంటే రాయడం నాకు చేతకాదు.

దాదాపు రెండు గంటలకు నాలుగు లీటర్లకు కొంచెం తక్కువగా నూనె, ఆరు కిలోల తెలగపిండి. ఇందులో ఏదీ బయట పడేయడు. పిండిలో కొంత గింజ తెచ్చిన రైతు గేదెలకు వెనక్కి వెళ్తుంది, ఆ గేదెల పెంట మళ్లీ అదే చేనుకు. పూర్వం గానుగ ఆడించినందుకు డబ్బు తీసుకునేవాళ్లు కాదట, కూలి కింద పిండే ఉంచుకునేవాళ్లట. నూనె రెండు మూడు రోజులు ఎండలో పెడితే అడుగున చేరే మడ్డి దీపాలకు, బండి ఇరుసుకు. రోలు తుడిచిన గుడ్డ కూడా దాస్తాడు, కాగడాకు చుట్టడానికి. తండా వాళ్ల దగ్గర నువ్వుకట్టె పొయ్యిలోకి. ప్లాస్టిక్ సీసా అడిగితే ఇవ్వడు, క్యాను తెచ్చుకోకపోతే ఇంటికి పంపిస్తాడు. నన్నూ పంపించాడు. మళ్లీ పదహారు కిలోమీటర్లు.

గానుగ నూనె తాగితే మోకాళ్లు, జుట్టు, అదృష్టం అన్నీ బాగుపడతాయని ఊదరగొట్టే వాళ్లున్నారు కదా, తాత ఆ జాతి కాదు. మా అమ్మ మోకాలి సంగతి అడిగితే "డాక్టరుకు చూపించండి" అన్నాడు.

ఇంటికి వచ్చి లెక్క వేశాను, వేయకుండా ఉండగలనా? రోజుకు మూడు వాయిలు, ముప్ఫై కిలోలు. ఏడాదికి రెండు వందల రోజులు అనుకుందాం: ఆరు వేల కిలోలు, అంటే అరవై క్వింటాళ్లు. ఆ అక్కకు వచ్చినట్టు ఎకరానికి రెండున్నర చొప్పున చూస్తే ఇరవై నాలుగు ఎకరాలు! ఒక్క ముసలి ఎద్దు ఇరవై నాలుగు ఎకరాల నువ్వుల చేనును లాగుతోంది రా. జిల్లా పత్తి ముందు ఇదెంత అంటావు. నిజమే. కానీ ఆ తండాలో అడిగి చూడు.

నువ్వు రాసింది కూడా అప్పుడే గుర్తుకు వచ్చింది. జపాన్ వాళ్లు అన్నంలో, కూరలో, మిఠాయిలో నువ్వులు లేనిదే ముద్ద ఎత్తరు, కానీ 99 శాతానికి పైగా బయటి దేశాలవే అన్నావు. కికాయ్ అనే చిన్న దీవిలో మాత్రం ఇంకా పండిస్తారని, కోతల కాలంలో రోడ్ల వెంట నువ్వుకట్టలు ఆరబెడతారని రాశావు. అప్పుడు చదివి పక్కన పెట్టాను. ఈసారి డిండి రోడ్డు పక్కన వరుసగా నిలబెట్టిన కట్టలు చూసి బండి ఆపాను. ఫోటో తీశాను కానీ నా వేలు అడ్డం వచ్చింది.

మన బడి మాస్టర్లం గానుగెద్దులమని నేనంటుంటాను కదా, తాతతోనూ అన్నాను. ఆయన నవ్వలేదు. "నా ఎద్దు వాయికీ వాయికీ మధ్య గంటసేపు నీడన పడుకుంటుంది సారూ. మీకు అది ఉందా?" అన్నాడు. లేదు.

ఆయన కొడుకు హైదరాబాద్‌లో కారు నడుపుతాడు. ఈ ఎద్దుకు పన్నెండేళ్లు. దీని తరువాత ఇంకోటి కొంటావా అంటే తాత బదులు చెప్పకుండా రోకలి వైపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు రా. రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకని ఒకటి అనుకుంటున్నాను, నవ్వకు. చెరువు కింద మన రెండెకరాల బీడు ఉంది కదా, నువ్వు సైకిలుతో సహా పడ్డ చోటు. వచ్చే జనవరికి ఆ అక్క దగ్గరే విత్తనం, ఐదు కిలోలు, ఇసుక

ఆగు, కరెంటు వచ్చింది. ఆవాలు మిక్సీ పట్టాలని అమ్మ కేక వేస్తోంది, మళ్లీ ఎప్పుడు పోతుందో. నూనె కొరియర్‌లో తీసుకోరట, అడిగాను. నువ్వే వచ్చి తీసుకెళ్లు. ఒక సీసా (గాజుది!) నీ పేరున పక్కన పెట్టాను, బహువచనంలో.

నీ
మూడో బెంచీ