వంకలో ఇల్లు కట్టుకున్నవాడి ఉత్తరం

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది తిరుపతి, ఎం.ఆర్.పల్లి వైపు ఒక కాలనీ. మా ముందుగది గోడకు మోకాలి ఎత్తున గోధుమరంగు గీత ఒకటుంది. రెండుసార్లు పెయింట్ వేయించాం, ఏడాది తిరక్కుండానే మళ్లీ తేలింది. 2021 నవంబరు 18న నీళ్లు నిలబడిన గుర్తు అది.

ఆ రోజు తిరుపతిలో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి, శేషాచలం కొండల మీద వాన విడవకుండా కురిసింది. ఘాట్ రోడ్లు మూసేశారు. నడకదారి మెట్ల మీద నీళ్లు జలపాతంలా దూకాయి. శ్రీవారిమెట్టు దారి ఎంత దెబ్బతిందంటే, బాగుచేసి మళ్లీ తెరిచేసరికి మరుసటి ఏడాది మే వచ్చింది. కొండ మీద పడిన వాన కొండ మీద ఆగదు కదా. కపిలతీర్థం నుంచి, మాల్వాడి గుండం నుంచి దూకి, నేరుగా ఊళ్లోకే వచ్చింది. తిరుపతి కొండ కాళ్ల దగ్గర ఉంది, నేల దక్షిణానికి వాలుగా ఉంది. ఆ నీళ్లు వెళ్లాల్సింది స్వర్ణముఖికి. మధ్యలో ఉన్నది మనం.

మా ఇంట్లోకి సాయంత్రం గుమ్మం కింద నుంచి సన్నగా మొదలైంది. మా ఆవిడ గోనెసంచి అడ్డం పెట్టింది. పావుగంటకు ఆ సంచే గదిలో తేలుతోంది. బియ్యం డబ్బా, పిల్ల సర్టిఫికెట్లు మేడ మీదకు చేరవేశాం. మా అమ్మను కుర్చీతో సహా ఇద్దరం ఎత్తుకుని పోయాం. కరెంటు లేదు. తెల్లారి దిగి చూస్తే ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది, వంటింటి గట్టు కింద వేలెడంత చేప ఒకటి కొట్టుకుంటోంది. చెరువులో ఉండాల్సిన చేప మా వంటింట్లో ఏం చేస్తోందన్నది నాకు అప్పుడు తట్టలేదు.

తట్టించింది మా వెనక వీధిలో ఉండే ఒక పెద్దాయన. ఈ కాలనీ పొలాలుగా ఉన్నప్పుడు ఇక్కడే వరి పండించిన మనిషి. బురద ఎత్తిపోస్తుంటే వచ్చి నిలబడి, "ఏం నాయనా, వంకలో ఇల్లు కట్టుకుని, వంక ఇంట్లోకొచ్చిందంటే ఎట్లా?" అన్నాడు. కోపం వచ్చింది. తర్వాత సర్వే శాఖ కొలతల పటం, అదే పాత ఎఫ్ఎంబీ, కాపీ తీయించి చూస్తే ఆయన మాట నిజమే. మా ప్లాటు మూలను కోసుకుంటూ వంక పోరంబోకు (వాగు పారడానికి వదిలిన సర్కారు నేల) గీత పోతోంది. ప్లాటు అమ్మినాయన ఇచ్చిన రంగుల లేఅవుట్‌లో ఆ గీత లేదు. రిజిస్ట్రేషన్ అయింది, ప్లాన్ వచ్చింది, బ్యాంకు లోనూ ఇచ్చింది. ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే నేనూ అడగలేదు. గజం రేటు ఒక్కటే అడిగాను.

మన ఊళ్లో పేటల పేర్లు చూడండి. తాతయ్యగుంట, కొర్లగుంట, గొల్లవానిగుంట, తుమ్మలగుంట. గుంట అంటే నీళ్లు నిలిచే చోటని చిన్నపిల్లలకు కూడా తెలుసు. పాతకాలంలో కొండ నీళ్లు ఒక చెరువు నింపి, మొరవ (నిండిన నీళ్లు పొర్లిపోయే చోటు) దాటి, కింది చెరువుకు పోయేవి. గొలుసుకట్టు అన్నమాట. ఇప్పుడు గొలుసులో కడియాలు ఊడగొట్టి పారేశాం. అదే నవంబరులో రాయలచెరువు కట్టకు నీళ్లు ఊరుతుంటే కింది పల్లెలన్నీ ఖాళీ చేయించారు, ఇసుక మూటలతో కట్టను కాచారు. వందల ఏళ్ల నాటి ఆ కట్ట తెగలేదు. తిరుచానూరు, పాడిపేట మధ్య స్వర్ణముఖి మీద మన కాలంలో కట్టిన వంతెన మాత్రం కూలింది. శ్రీకృష్ణానగర్‌లో ఒకరింట్లో భూమిలో దింపిన సంపు, సిమెంటు వరలతో సహా నిలువునా పైకి లేచింది. అందరూ వింతగా పోయి చూశారు. వింతేం లేదు. చుట్టూ నేల నీళ్లు తాగి ఉబ్బినప్పుడు ఖాళీ సంపు బిందెలాగా తేలుతుంది.

అంత వాన ఎన్నడూ పడలేదంటారు అధికారులు. ఒప్పుకుంటాను, అది మామూలు వాన కాదు. మరి దానికి నెల ముందు, అక్టోబరులో, వెస్ట్ చర్చి రైల్వే అండర్‌బ్రిడ్జి నీళ్లలో బండి చిక్కుకుని కర్ణాటక నుంచి దర్శనానికి వచ్చిన అమ్మాయి చనిపోయింది కదా, దానికి ఏ వాయుగుండం పేరు చెబుదాం? ఇప్పటికీ గంటసేపు గట్టిగా కురిస్తే మా వీధిలో బైకులు సైలెన్సర్ దాకా మునుగుతాయి. ఎందుకో వెతుక్కుంటూ వాన వెలిసిన రోజు వంక వెంట పైకి నడిచాను. పైన ఇరవై అడుగుల వెడల్పు ఉంది. మా మలుపు దగ్గర రోడ్డు కింద రెండు సిమెంటు పైపులున్నాయి. ఒకదాంట్లో కొబ్బరి బోండాలు, పాత పరుపు.

అందుకని నేను అడిగేది పెద్ద ప్రాజెక్టు కాదు. కొండ నుంచి స్వర్ణముఖి దాకా ప్రతి వంకకూ, ప్రతి మొరవ కాలువకూ పాత రికార్డు ప్రకారం సర్వే చేసి, రెండు పక్కలా రాళ్లు పాతండి. వాటికి నంబర్లు వేసి, ఆ మ్యాప్ వార్డు సచివాలయం గోడకు అంటించండి. ప్లాటు కొనబోయేవాడు అడ్వాన్సు ఇవ్వకముందు పోయి చూసుకుంటాడు. ఆ సర్వే నంబర్లు 22ఎ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉంటే రిజిస్ట్రేషనే ఆగుతుంది. ఈ పని ఎండాకాలంలో జరగాలి. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అక్టోబరులో జేసీబీ తెచ్చి, ఫొటో దిగి, పూడిక తీసి గట్టు మీదే పోస్తే రెండో వానకు అది మళ్లీ కాలువలోకే జారుతుంది. ఏటా చూస్తున్నాం.

రాళ్లు పాతితే నా కాంపౌండ్ గోడలో కొంత పోతుంది. తెలుసు. మా ఆవిడతో ఈ విషయం మాట్లాడాను, రెండు రోజులు సరిగ్గా పలకలేదు. అయినా ఇస్తాం. ఒక్కటే షరతు. మాలాంటోళ్ల గోడలతో మొదలుపెట్టి, కాలువ మీద కట్టిన కల్యాణ మండపం దగ్గరికి రాగానే కొలత టేపు చుట్టేయకూడదు.

మీ పత్రికకు కూడా ఒక మాట. మోకాళ్ల లోతు నీళ్లలో జనం నడిచే ఫొటో ప్రతి నవంబరులో జిల్లా పేజీలో వేస్తున్నారు. అది చూస్తే అయ్యో అనిపిస్తుందే గాని ఏమీ తెలియదు. మే నెలలో ఒకసారి మీ ఫొటోగ్రాఫర్‌ను పంపండి. వంక ఎండిపోయి ఉంటుంది కాబట్టి, ఇరవై అడుగులు రెండు పైపులు అయ్యే చోటు బాగా కనబడుతుంది. అడ్రసు కవరు వెనక రాశాను. వచ్చేముందు ఫోన్ చేస్తే మలుపు దగ్గర నేనే ఉంటాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
తిరుపతి